గుడ్లు మలేరియాను అంటించవు: తొమ్మిదో తరగతిలో సైన్సు పేరాలతో ఇంగ్లిష్ చదివించిన కేస్ స్టడీ

తరగతి

వరంగల్ జిల్లాలో నర్సంపేట వైపు ఒక మండలం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, తొమ్మిదో తరగతి, ఒకటే సెక్షన్, నలభై మందికి అటూ ఇటూగా పిల్లలు. ఊరి చుట్టూ పత్తి, మిర్చి, మక్క, చెరువు కింద వరి. అందరూ ఒకే గదిలో కూర్చున్నా ఇంగ్లిష్ దగ్గరికి మాత్రం మూడు దార్ల నుంచి వచ్చినవాళ్లు. కొందరు ఊరి ప్రాథమిక పాఠశాలలో తెలుగులో మొదలుపెట్టి, 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం తెచ్చినప్పుడు నడిమధ్యలో మారినవాళ్లు. కొందరు ప్రైవేటు బడి మానేసి ఇటు వచ్చినవాళ్లు. వీళ్లు గడగడా చదువుతారు. మిగిలినవాళ్లు తండాల పిల్లలు. వాళ్లకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్.

సైన్సు పాఠ్యపుస్తకం రెండు భాషల్లో ఉంటుంది, ఎదురెదురు పేజీల్లో. మంచి ఏర్పాటే. కానీ ఏ పిల్లవాడైనా తనకు సులువైన పేజీనే చదువుతాడు. పరీక్షలో రాయాల్సింది రెండో పేజీలోది కాబట్టి దాన్ని బట్టీ పడతాడు. అర్థం ఒక పేజీలో, జవాబు ఇంకో పేజీలో ఉండిపోతాయి. ఈ రెండింటినీ కలపడానికి ఇంగ్లిష్ పీరియడ్‌ను ఎలా వాడుకోవచ్చన్నదే ఈ కేసు.

ఇబ్బంది ఎక్కడుంది

సైన్సు పేరా అనగానే టీచర్లు ముందుగా బోర్డు మీద కఠిన పదాలు రాస్తారు. పారాసైట్, ఇంటెస్టైన్, అబ్జార్బ్ అని రాసి పక్కన తెలుగు అర్థం పెడతారు. పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. అక్కడికే పావుగంట పోతుంది. ఆ పదాలన్నీ తెలిశాక కూడా వాక్యం తెలియదు.

ఈ తరగతిలో అది బయటపడింది మలేరియా పేరాలో. వాక్యం ఇది: 'ఓన్లీ ద ఫీమేల్ అనాఫిలిస్ మస్కిటో, విచ్ నీడ్స్ బ్లడ్ టు మేక్ ఇట్స్ ఎగ్స్, స్ప్రెడ్స్ మలేరియా.' మస్కిటో, బ్లడ్, ఎగ్స్, మలేరియా అనే మాటలు తెలియనివాళ్లు తరగతిలో లేరు. మలేరియాను ఎవరు వ్యాపింపజేస్తారు అని తెలుగులోనే అడిగితే వెనక బెంచీ నుంచి వచ్చిన జవాబు: "గుడ్లు సార్. గుడ్లే అంటిస్తయి."

ఆ పిల్లవాడు ఊహించి చెప్పలేదు, తనకున్న లెక్క ప్రకారమే చదివాడు. 'స్ప్రెడ్స్'కు ఆనుకుని ముందున్న నామవాచకం 'ఎగ్స్'. అందుకని గుడ్లు అంటిస్తాయి. తెలుగులో ఈ చిక్కు రాదు. 'గుడ్లు పెట్టడానికి రక్తం కావలసిన ఆడ అనాఫిలిస్ దోమే' అని విశేషణమంతా దోమకు ముందే వచ్చేస్తుంది, దోమ తర్వాత నేరుగా క్రియ దాకా దారి ఖాళీగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ విశేషణం కర్తకూ క్రియకూ నడుమ వచ్చి కూర్చుంటుంది. సైన్సు రాతలో ఈ రకం వాక్యాలు పేరాకు రెండైనా ఉంటాయి.

తర్వాత గమనిస్తూ పోతే తప్పులన్నీ ఈ జాతివే. విచ్, దట్, హూ ఒక గుంపు. 'బై'తో వచ్చే కర్మణి వాక్యాలు రెండో గుంపు. అన్‌లెస్, అంటిల్, ఓన్లీ, నాట్ మోర్ దాన్ మూడో గుంపు. ఈ చిన్న మాటలు ఏ పాఠం చివర పదాల పట్టికలోనూ ఉండవు, ఎందుకంటే అవి అందరికీ తెలిసినవే అనుకుంటాం. ఇంగ్లిష్ పీరియడ్‌లో ఎక్కువ సమయం దక్కాల్సింది వీటికే. సైన్సు పదాల సంగతి సైన్సు టీచర్ చూసుకోగలరు. కిరణజన్య సంయోగక్రియ అన్నా ఫొటోసింథసిస్ అన్నా పిల్లవాడికి రెండూ కొత్తే. ఆకు ఏం చేస్తుందో తెలిస్తే ఆ పేరు ఏ భాషలో ఉన్నా నాలుగు రోజుల్లో నోటికొస్తుంది.

పేరా ఎంచుకోవడం, దిద్దుకోవడం

విషయం పిల్లలకు ముందే తెలిసి ఉండాలి, అన్నింటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇది. బ్లాక్ హోల్స్ మీద ఎంత ఆసక్తికరమైన పేరా తెచ్చినా అది కూలిపోతుంది. విషయమూ కొత్తే, వాక్యమూ కొత్తే అయితే పిల్లవాడికి పట్టుకోవడానికి ఏ కొమ్మా దొరకదు. దోమ, మందు కొట్టుడు, వడదెబ్బ, కరెంటు బిల్లు, చెరువు వంటివి తీసుకుంటే వాక్యం తప్పుగా అర్థమైనప్పుడు తనకే అనుమానం వస్తుంది. గుడ్లు మలేరియాను ఎట్లా అంటిస్తాయని పక్క బెంచీ అమ్మాయి అడిగింది కూడా విషయం తెలుసు కాబట్టే.

సైన్సు పాఠంతో జత కుదర్చాలి. సైన్సు టీచర్ ఆ పాఠం పూర్తిచేసిన వారం తర్వాత ఇంగ్లిష్ పేరా రావాలి, ముందు రాకూడదు. తొమ్మిదో తరగతి బయాలజీలో ప్లాస్మా పొర (కణాన్ని చుట్టి ఉండే పొర) పాఠం అయ్యాక ఓఆర్‌ఎస్ పేరా, వ్యవసాయ ఉత్పత్తుల పాఠం అయ్యాక పురుగుమందు కాగితం బాగా అతుకుతాయి. దీనికోసం ఇద్దరు టీచర్లూ నెల మొదట్లో పది నిమిషాలు కూర్చుంటే చాలు.

నిడివి తొమ్మిదో తరగతికి 120 నుంచి 180 మాటలు. కొత్త మాటల లెక్క ముఖ్యం. ఎవరి సాయం లేకుండా పాఠం అర్థం కావాలంటే అందులోని మాటల్లో 98 శాతం దాకా తెలిసుండాలని పాల్ నేషన్ వంటి పరిశోధకులు లెక్క తేల్చారు. టీచర్ పక్కనుంటే 95 శాతంతో నెట్టుకురావచ్చు. అంటే వందకు ఐదు కొత్త మాటలు, అంతకు మించితే అది చదవడం కాదు, డిక్షనరీ పని అవుతుంది. ఇది తెలుసుకోవడానికి ముందురోజు సాయంత్రం మధ్యరకంగా చదివే ముగ్గురు పిల్లలకు పేరా ఇచ్చి, తెలియని మాట కింద పెన్సిల్ గీత పెట్టమనాలి. బాగా చదివేవాళ్లకిస్తే లెక్క తప్పుతుంది. ముగ్గురిలో ఇద్దరు గీసిన మాటలనే లెక్కలోకి తీసుకుని, ఎక్కువైతే మార్చాలి. ఏ మాటను దేంతో మార్చాలో తేల్చుకోవడానికి 1953లో మైకేల్ వెస్ట్ వేసిన జనరల్ సర్వీస్ లిస్ట్ ఇప్పటికీ పనికొస్తుంది. అందులో ఎక్కువగా వాడుకలో ఉండే సుమారు 2000 ఇంగ్లిష్ మాటలుంటాయి. వెస్ట్ ఢాకాలో పనిచేసినవాడు. మన ఉపఖండపు పిల్లలకు మాట్లాడడం కంటే ముందు చదవడం నేర్పాలని గట్టిగా వాదించినవాడు.

దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త. సులభం చేయాలని పొడవు వాక్యాలను ముక్కలు చేసి బికాజ్, సో దట్, ఆల్‌దో వంటివి తీసేయకూడదు. 'రెయిన్ ఫెల్. వాటర్ స్టుడ్ ఇన్ పిట్స్. మస్కిటోస్ కేమ్.' అని రాస్తే ఒక్కో వాక్యం సులువే, కానీ వాన పడ్డందుకే నీళ్లు నిలిచాయని, నీళ్లు నిలిచినందుకే దోమలొచ్చాయని పిల్లవాడు తనంతట తానే అతికించుకోవాలి. ఆ పని బికాజ్ ఉన్న పొడవు వాక్యం చదవడం కంటే కష్టం. మార్చాల్సింది అరుదైన మాటలను. కారణాన్ని కలిపే మాటలను ఉన్నచోటే ఉంచాలి.

అచ్చు విషయం చిన్నదే కానీ అసలు తేడా అక్కడే వస్తుంది. పేరాను బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటే పీరియడ్ అయిపోతుంది, ఎక్కించుకున్నదాంట్లో తప్పులుంటాయి. ఒక ఏ4 కాగితం మీద పైనొకటి కిందొకటి రెండు ప్రతులు వేసి నడుమకు కత్తిరించాలి. ఇద్దరికి ఒక ప్రతి చొప్పున నలభై మందికి 20 ముక్కలు, అంటే 10 కాగితాల జిరాక్స్. అక్షరం 14 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర వరుస ఖాళీ, కుడివైపు మూడు వేళ్ల వెడల్పు అంచు. పిల్లలు గుర్తులు పెట్టేది అక్కడే. వరుసకు ముందు 5, 10, 15 అని నంబర్లు వేస్తే "ఎనిమిదో వరుస చూడు బిడ్డా" అనగానే తరగతంతా ఒక్కచోటికి వస్తుంది.

నాలుగు పీరియడ్లు

ఒక్కో పేరాకు 45 నిమిషాల పీరియడ్లు నాలుగు పెట్టుకున్నాం. మలేరియా పేరానే ఉదాహరణగా చెబుతాం. దాని విషయం సికింద్రాబాద్‌లో జరిగింది. అక్కడ సైనిక వైద్యుడిగా ఉన్న రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఒక దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ కుట్టిన రోగి పేరు హుసేన్ ఖాన్. తనను కుట్టనిచ్చినందుకు ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. మన దగ్గర ఆ నాటికి వానలు ముదిరి, ఏటూరునాగారం వైపు జ్వరాల కాలం నడుస్తుంటుంది. పేరాకు అంతకన్నా మంచి వారం లేదు.

మొదటి పీరియడ్‌లో కాగితం ఇవ్వకూడదు. పది నిమిషాలు తెలుగులో మాట్లాడించాలి. దోమ ఎక్కడ గుడ్లు పెడుతుంది, పగలు కుట్టే దోమ ఏది, రాత్రి కుట్టే దోమ ఏది, చలిజ్వరం ఎట్లా వస్తుంది. తండా పిల్లలను ఒక గుంపుగా కూర్చోబెట్టి లంబాడీలో మాట్లాడుకోనిస్తే నోరు విప్పుతారు. ఆ తర్వాత వాళ్లలో ఒకరు తెలుగులో చెబుతారు. చెప్పినవన్నీ బోర్డు మీద బొమ్మగా వేయాలి. దోమ, మనిషి, నీటిగుంట, వాటి నడుమ బాణాలు. మాటలు రాయకూడదు. అప్పుడు కాగితాలిచ్చి టీచర్ ఒకసారి మొత్తం పేరాను మామూలు వేగంతో చదవాలి, పిల్లలు పెన్సిల్ మొన వరుస వెంట నడిపిస్తూ వినాలి. తలా ఒక వరుస చదివించే పద్ధతి మాత్రం వద్దు. తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటూ పిల్లవాడు ముందువాళ్లది వినడు, తనది అయిపోయాక తర్వాతివాళ్లది వినడు. చివరి పావుగంట నిశ్శబ్దంగా చదవడం. పని ఒక్కటే. బోర్డు మీది బొమ్మలో ఉండి పేరాలో లేనివి ఏవి, పేరాలో ఉండి బొమ్మలో లేనివి ఏవి?

రెండో పీరియడ్ వాక్యాలది. నాలుగు వాక్యాలకు మించి తీసుకోవద్దు. గుడ్ల వాక్యం ఇలా నడుస్తుంది. ముందు క్రియలన్నింటి చుట్టూ పెన్సిల్‌తో డబ్బా గీయాలి: నీడ్స్, మేక్, స్ప్రెడ్స్. తర్వాత 'విచ్' దగ్గర వేలు పెట్టి కామా దాకా ఉన్న మాటలను రెండో చేత్తో మూసేయాలి. ఇప్పుడు కంటికి కనిపించేది 'ఓన్లీ ద ఫీమేల్ అనాఫిలిస్ మస్కిటో స్ప్రెడ్స్ మలేరియా.' చేయి తీశాక ఇంకో ఆధారం చూపించాలి. స్ప్రెడ్స్ చివర 'ఎస్' ఉంది, అంటే పని చేసేది ఒకటే. ఎగ్స్ చాలా, కాబట్టి అవి కావు. దోమ అంటిస్తుంది, గుడ్లు అంటిస్తాయి అన్న తేడా తెలుగులో వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిందే. ఇంగ్లిష్‌లో ఆ తేడా ఒక్క అక్షరంలో ఇరుక్కుని ఉందని కంటితో చూసిన పిల్లలు ఆ 'ఎస్'ను ఇక ఊరికే వదలరు. వ్యాకరణం పీరియడ్‌లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఎక్కుతుంది, ఎందుకంటే ఇక్కడ దానితో పని పడింది.

కామాలున్న వాక్యం సులువే. రెండో వాక్యానికి కామాలుండవు: 'ద పేషంట్ హూ వాజ్ బిటెన్ బై ద మస్కిటోస్ వాజ్ పెయిడ్ వన్ అణా ఫర్ ఈచ్ మస్కిటో.' చేత్తో మూయాలంటే ఎక్కడిదాకా? దీనికి పిల్లలకు ఇచ్చిన సూత్రం: హూ తర్వాత మొదటి క్రియ హూదే, రెండో క్రియకు ముందు ఆగు. అంటే 'హూ వాజ్ బిటెన్ బై ద మస్కిటోస్' మూసేయాలి. మిగిలింది 'ద పేషంట్ వాజ్ పెయిడ్ వన్ అణా.' ఇక్కడ ఇంకో గుంట ఉంది. "రోగే అణా ఇచ్చిండు" అని చదివేవాళ్లు సగానికి పైగా ఉంటారు, ఎందుకంటే లోకంలో రోగే డాక్టరుకు డబ్బులిస్తాడు. వాక్యంలో 'వాజ్' ఉన్న సంగతి కంటికి ఆనదు. 'పెయిడ్' ఒక్కటే ఉంటే ఇచ్చాడు, ముందు 'వాజ్' ఉంటే అతనికి ఇచ్చారు. ఇద్దరు పిల్లలను ముందుకు పిలిచి చేతిలో రూపాయి పెట్టి అటొకసారి ఇటొకసారి ఇప్పించి, ప్రతిసారీ తరగతిచేత వాక్యం చెప్పిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ సూత్రం అన్ని వాక్యాలకూ చెల్లదు, లోపల ఇంకో దట్ ఉంటే తప్పుతుంది. తొమ్మిదో తరగతి పేరాల్లో అలాంటివి రాకుండా చూసుకోవాలి, పదోకి వదిలేయాలి.

మూడో పీరియడ్‌లో ప్రశ్నలు. పేరాలోంచి ఎత్తిరాస్తే సరిపోయే ప్రశ్న వేయకూడదు. 'వై డజ్ ద ఫీమేల్ మస్కిటో నీడ్ బ్లడ్?' అంటే పిల్లవాడు నీడ్, బ్లడ్ అనే రెండు మాటలను పేరాలో వెతికి ఆ వరుస మొత్తం దింపేస్తాడు. అర్థం కాకుండానే మార్కు పడుతుంది. అందుకు బదులు పనికొచ్చిన ప్రశ్నలు మూడు రకాలు. ఒకటి, తప్పు వాక్యమిచ్చి పేరా ఏ వరుసతో అది తప్పో చూపమనడం: 'మగదోమ కుట్టినా మలేరియా వస్తుంది.' ఓన్లీ అనే మాటను వదిలేసినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. రెండు, బొమ్మ లేదా పట్టిక నింపడం: ఎవరు ఎవరిని కుట్టారు, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరు ఏం చూశారు. మూడు, పేరా చెప్పిన దాన్ని కొత్త సంగతికి పెట్టడం: ఇంట్లో జ్వరం ఉన్నవాళ్లు దోమతెర కట్టుకుంటే లాభం ఎవరికి? జవాబు తెలుగులో చెప్పినా పర్వాలేదు, కానీ ఏ వరుస ఆధారంగా చెప్పారో నంబరు చెప్పాలి. ఈ వరుస నంబరు షరతు చాలా ముఖ్యం. అది లేకపోతే పిల్లలు తమకు తెలిసిన సంగతులు చెప్పి ఇంగ్లిష్‌ను దాటేస్తారు.

నాలుగో పీరియడ్ రాయడం. కాగితాలు వెనక్కి తీసుకుని, పట్టిక మాత్రం ఉంచి, ఐదు వాక్యాలు రాయమనాలి. అందులో ఒకటైనా విచ్ లేదా హూ ఉన్న వాక్యం కావాలి. ఈ పని ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్)లో రాత అంశం కింద వాడుకోవచ్చు కాబట్టి అదనపు భారం అనిపించదు. వారం తర్వాత అదే పేరాను మళ్లీ ఒకసారి, ఐదు నిమిషాలు, ఊరికే చదివించాలి. ఈసారి వేగం తేడా పిల్లలకే తెలుస్తుంది.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్

పేరా అంటే పుస్తకంలోదే కానక్కర్లేదు. మెడికల్ షాపులో, ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక ఉన్న పది వరుసలు పూర్తి పాఠం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత ప్రకారం లీటరు నీళ్లకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. 'డిజాల్వ్ ద ఎంటైర్ కంటెంట్స్ ఇన్ వన్ లీటర్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్. యూజ్ విదిన్ 24 అవర్స్.' ఇందులో అసలు మాట 'ఎంటైర్'. దాన్ని దాటేసినవాళ్లు రెండు చెంచాల పొడి గ్లాసులో కలుపుతారు. 'వన్ లీటర్'ను దాటేసినవాళ్లు ప్యాకెట్ మొత్తం గ్లాసులో పోస్తారు, 200 మిల్లీలీటర్ల గ్లాసైతే ఉప్పు ఐదింతలు చిక్కన. విరేచనాలతో నీరసించిన చిన్నపిల్లకు అది తాగిస్తే మేలు పోయి ముప్పే. బజారులో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి కాబట్టి రెండూ తెచ్చి పక్కపక్కన పెట్టి చదివించాలి.

ఇక్కడ ప్రశ్నలు అక్కర్లేదు, చదివి కలపడమే పరీక్ష. నలుగురికి ఒక ప్యాకెట్, ఒక లీటరు బాటిల్, కాచి చల్లార్చిన నీళ్లు. టీచర్ నోరు మెదపకూడదు. కలిపాక రుచి చూడాలి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఆ తర్వాత పేరా: గ్లూకోజ్ ఉంటేనే పేగు గోడ సోడియంను బాగా పీల్చుకుంటుంది, సోడియం వెంట నీళ్లు వెళ్తాయి. ఉప్పు నీళ్లు మాత్రమే ఎందుకు చాలవన్నది ప్లాస్మా పొర పాఠం చదివిన పిల్లలకు ఇక్కడ చటుక్కున వెలుగుతుంది. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఈ కొలతకు సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని ఆదేశించింది. అందుకని ఒక తీపి పానీయం డబ్బా లేబుల్‌ను కూడా పక్కన పెట్టి, చక్కెర ఎంతుంది, సోడియం ఎంతుంది అని అంకెలు పోల్చిస్తే లెస్ దాన్, మోర్ దాన్ వాక్యాలు వాటంతటవే వస్తాయి.

పురుగుమందు కాగితం

ఇది ఈ ప్రాంతానికి తప్పనిసరి పాఠం అని మా గట్టి అభిప్రాయం. ఖాళీ డబ్బాలు మాత్రం బడికి తేవద్దని ముందే కచ్చితంగా చెప్పాలి. డబ్బాతో వచ్చే కాగితం ఫొటో చాలు, అదీ టీచరే తీసి జిరాక్స్ ఇవ్వాలి. లేబుల్ మీద డైమండ్ ఆకారంలో ఉండే గుర్తు, కింది త్రికోణం రంగు ముందు చదివించాలి. ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. ఎరుపు, పసుపుల మీద పాయిజన్ అని, నీలం మీద డేంజర్ అని, ఆకుపచ్చ మీద కాషన్ అని ఉంటుంది. ఆకుపచ్చ అంటే భయం లేదని అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. కాషన్ ఎందుకు రాశారో పిల్లలు ఇంట్లో చెప్పగలగాలి.

పట్టికలో రెండు నిలువు వరుసలు ఉంటాయి. ఒకటి అసలు మందు పదార్థం గ్రాముల్లో, రెండోది డబ్బాలోని మందు మిల్లీలీటర్లలో. మొదటి వరుసను చూసి కొలత తీసుకుంటే మోతాదు తప్పుతుంది. పైగా అన్నీ హెక్టారు లెక్కలు, మన రైతు లెక్క ఎకరం, కొలిచేది పంపుకు. ఒక హెక్టారు 2.47 ఎకరాలు. తరగతికి ఇచ్చిన లెక్క: హెక్టారుకు 125 మిల్లీలీటర్ల మందు, 500 లీటర్ల నీళ్లు అని ఉంటే, 16 లీటర్ల పంపుకు ఎంత? లీటరుకు పావు మిల్లీలీటరు, పంపుకు 4 మిల్లీలీటర్లు. మూతతో కొలిచేవాళ్లు ఎంత పోస్తున్నారో పిల్లలే ఇంటికి వెళ్లి చూసుకుంటారు.

వాక్యాల్లో ఇక్కడ గండం 'అన్‌లెస్'. 'డు నాట్ ఇండ్యూస్ వామిటింగ్ అన్‌లెస్ టోల్డ్ బై ద డాక్టర్.' అన్‌లెస్‌ను దాటేస్తే డాక్టరు చెప్పాడు, వద్దన్నారు అని రెండు ముక్కలు మిగులుతాయి, ఏది దేనికో తెలియదు. 'డాక్టరు చెబితే తప్ప' అని 'తప్ప'ను పట్టుకుంటే వాక్యం నిలబడుతుంది. ఆ కాగితంలో తెలుగు కూడా సన్నని అక్షరాల్లో ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఈ వాక్యం ఎక్కడుందో వెతికించాలి.

ఎక్కడ చెడుతుంది

పత్తి ఏరే కాలంలో హాజరు పడిపోతుంది. నాలుగు పీరియడ్ల గొలుసులో ఒకటి తప్పినవాడికి మిగతావి అందవు. అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా రెండు పీరియడ్లలో ముగిసే చిన్న పేరాలు, లేబుళ్లు పెట్టుకోవడమే దారి. జాతర ఏడాదిలో మేడారం సెలవులను కూడా చూసుకోవాలి.

ఫోన్ ఇంకో సంగతి. పేరాను ఫొటో తీస్తే తెలుగు వచ్చేస్తుంది. వద్దంటే ఆగదు. మూడో పీరియడ్ అయ్యాకే అనుమతించి, ఫోన్ ఇచ్చిన తెలుగులో ఒక వాక్యం తీసుకుని, ఏ తెలుగు మాట ఏ ఇంగ్లిష్ మాట నుంచి వచ్చిందో బాణాలు గీయమనాలి. అప్పుడు ఫోనే పనిముట్టు అవుతుంది.

గడగడా చదివే పిల్లలను చూసి మోసపోకూడదు. వాళ్లు ఆగాల్సిన చోట ఆగరు, విచ్ దగ్గరా ఆగరు. వాక్యం అర్థమైందో లేదో పొరబాటు పడకుండా తెలిసేది ఆగే చోటును బట్టే. అలాంటివాళ్లను మెల్లగా చదివే పిల్లల పక్కన కూర్చోబెడితే ఒకరు పలకడం, ఒకరు ఆరా తీయడం చేస్తారు.

ఏం మారింది, ఏం మారలేదు

ఏడాది చివరికి చూడని పేరా ఇచ్చినా పిల్లల్లో ఎక్కువమంది ముందు క్రియ వెతకడం మొదలుపెట్టారు, చెప్పకుండానే చేయి అడ్డం పెట్టి మూసి చదివారు. సైన్సు టీచర్ ఇంగ్లిష్ పేజీ తెరిపిస్తే తెలుగు పేజీ వైపు చూపు పోవడం తగ్గింది. రాతలో మాత్రం ఏ, ద వాడకం, కాలాల తప్పులు అలాగే ఉన్నాయి. చదవడంలో వచ్చిన బలం రాతలోకి దిగడానికి ఇంకా సమయం కావాలి. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లకు ఈ పద్ధతి అందలేదు, అందదు కూడా. బడి మొదలవడానికి ముందు రోజూ అరగంట శబ్దాలు, అక్షరాల జతలు విడిగా నేర్పాల్సిందే. నలభై మంది మధ్య కూర్చోబెట్టి వాళ్లకూ అర్థమవుతుందిలే అనుకోవడం అన్యాయం.

పేరాల వరుసను కాలాన్ని బట్టి పెట్టుకుంటే విషయం ముందే ఇంట్లో నానుతుంటుంది. జూన్‌లో పిడుగుల జాగ్రత్తలు, ఆగస్టులో రాస్ దోమ, సెప్టెంబర్‌లో పురుగుమందు కాగితం, పత్తి ఏరే రోజుల్లో కరెంటు బిల్లు, విత్తనాల ప్యాకెట్. జనవరిలో పాలంపేట: 1213లో ప్రతిష్ఠ జరిగి, 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడి గోపురానికి వాడిన, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. సాంద్రత పాఠానికి జతగా సో, దట్ వాక్యాలకు అది సరిగ్గా సరిపోతుంది. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఓఆర్‌ఎస్. పదో తరగతికి వెళ్లాక ఇవే విషయాలను 250, 300 మాటలకు పెంచి, కామాలు లేని వాక్యాలు, లోపల ఇంకో దట్ ఉన్న వాక్యాలు కలుపుతూ పోవాలి.